ఎదురుకాళ్ళు

మసీదులో తెల్లవారి నమాజు అయిపోయి చాలాసేపైంది, కిటికీ సందులోంచి వెలుతురు పరుపు అంచు దాకా వచ్చేసింది, నేనింకా లేవలేదు. లేవలేదనడం నా గొప్ప కోసం. లేవలేకపోయాను. ఈరోజు ఆదివారం. ఆదివారం పొద్దున పరగడుపున మా తిన్నె మీద ఎవరో ఒకరు నడుం పట్టుకుని కూర్చుని ఉంటారు, వాళ్ళ నడుం మీద నేను కాలు పెట్టాలి, మా వీధిలో అది ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటు. ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని కదా. పిల్లలందరూ తల ముందు పెట్టి లోకంలోకి వస్తే నేను కాళ్ళు ముందు పెట్టి వచ్చానట, జమ్మలమడుగులో మంత్రసాని మా అమ్మ చెయ్యి పట్టుకుని, ఈ పిల్ల బతికితే ఊరి నడుములన్నీ ఇదే నిలబెడుతుంది మాబీ, అనిందట. బతికాను. నిలబెట్టాను కూడా. పట్టేసిన నడుం మీద ఎదురుకాళ్ళ మనిషి ఎడమ మడమతో మూడుసార్లు తొక్కితే పట్టు వదులుతుందని ప్రొద్దుటూరులో చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతారు, స్కానింగు కవరు చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. దీనికి దుడ్లు తీసుకోకూడదు, తీసుకుంటే కాలికి గుణం పోతుందంటారు, నేను ఎప్పుడూ తీసుకోలేదు. అయినా పోయింది. దుప్పటి కింద రెండు కాళ్ళూ ఎవరివో తెచ్చి నా పక్కన పడుకోబెట్టినట్టు ఉన్నాయి.

నొప్పి అంటే సరిపోదు. పెళ్ళింటికి రోజంతా పిండి రుబ్బిన మర్నాడు ఒళ్ళు ఎలా ఉంటుందో అలా ఉంటుంది, కానీ నేను ఏమీ రుబ్బలేదు, పైగా ఆ మర్నాడు అయిపోవడం లేదు, ఉగాది ముందు మొదలైన మర్నాడు ఇది. తొడల్లో పుడుతుంది, పిక్కల్లోకి దిగుతుంది, ఈలోగా భుజాలకు ఎలా తెలుస్తుందో వాటికీ తెలిసిపోతుంది. మేము దూదేకులవాళ్ళం, పరుపులు కుట్టే ఇల్లు, మా ఆయన దస్తగిరి దూది ఏకే మిషన్‌ను చిన్న లారీకి ఎక్కించుకుని పెద్దముడియం పక్క పల్లెల్లో తిరుగుతాడు, పాత పరుపుల్లో అణగారిపోయిన దూదిని ఏకి ఇస్తాడు, ఇంట్లో కొత్త పరుపుల కుట్టు మా అత్తది, నాది. దబ్బనం పట్టుకుని పరుపు చుట్టూ మోకాళ్ళ మీద జరుగుతూ కుట్టాలి. ఇప్పుడు మోకాళ్ళ మీదికి దిగితే మళ్ళీ లేవడానికి గోడ కావాలి. ఆముదం కాచి రుద్దుకున్నాను. ఉప్పు మూట కట్టి కాపడం పెట్టుకున్నాను. మా కూతురు ఫరహత్ ఫోన్లో చూసి చెప్పినట్టు గోడకు రెండు చేతులూ ఆనించి కాళ్ళు వెనక్కి సాగదీశాను, అది చూసి మా అత్త, గోడను యాడికి తోస్తాండావు మే, అని అడిగింది. నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముకల దగ్గర కూడా ఉందని తెలిసింది.

నిన్న పులివెందుల డాక్టరమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె మంచిది, వింటుంది, మధ్యలో ఫోను చూసుకోదు. పిక్క నొక్కి చూసింది, రక్తపరీక్ష కాగితం చూసింది, అందులో ఏమీ లేదంది. "మాత్ర వల్ల కావచ్చమ్మా, కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. మీ పని వల్ల కూడా కావచ్చు. అసలు ఆ జబ్బే ఒక్కోసారి ఒళ్ళునొప్పులుగా ఉంటుంది, అది కూడా కావచ్చు" అంది. మూడు కావచ్చులు. ఏది అని ఎట్ల తెలుస్తాది మేడం అంటే, మెల్లగా తగ్గించి చూడాలట, తగ్గిస్తే పాతది తిరగబెట్టవచ్చట, లేదంటే మందు మార్చి చూడాలట, కొత్తది పట్టుకునేదాకా మధ్యలో ఎలా ఉంటుందో తాను చెప్పలేనంది. "మీరు ఆలోచించుకుని వచ్చే శనివారం చెప్పండి. ఒక్కసారిగా మాత్రం ఆపొద్దు." నేను చెప్పాలట. పరుపుకు దూది ఎంత పడుతుందో అడిగితే చెబుతాను, బూరుగు దూదిలో ఎంత కల్తీ ఉందో చెబుతాను, నా తలలో ఏముందో నా కాళ్ళలో ఏముందో నన్ను అడిగితే నేనెవర్ని అడగాలి? ముద్దనూరులో బస్సు మారడానికి దిగబోతే కాలు మెట్టు మీదికి దిగలేదు, వెనక జనం, కండక్టరు, దిగు మే తొందరగా, ఈడనే కాపరం పెడతావా అన్నాడు. ఎవరో ముసలాయన కిందినుంచి చెయ్యి అందించాడు. మా నాన్న వయసుంటుంది. ఊరి నడుములు నిలబెట్టిన మాబున్నిని ఒక ముసలాయన బస్సులోంచి దించాడు. జమ్మలమడుగు వచ్చేదాకా ఆ సంగతే కొరుకుతూ కూర్చున్నాను, ఊరు రాగానే కొంగు ముఖం మీదికి లాక్కున్నాను, పుట్టింటివాళ్ళు ఎవరైనా బస్టాండులో ఉంటే యాడికి పోయొస్తాండావు అని అడుగుతారని.

పులివెందుల దాకా ఎందుకంటే, ప్రొద్దుటూరులో మనసుకు మందిచ్చే డాక్టర్లు లేక కాదు, ప్రొద్దుటూరులో పరుపు లేని ఇల్లు లేదు, ఆ పరుపు కుట్టినవాళ్ళను ఎరగని మనిషీ లేడు. ఆ డాక్టరు బోర్డు కింద నన్ను ఒక్కరు చూస్తే చాలు, మధ్యాహ్నానికి బంగారు అంగళ్ళ బజారంతా తెలుస్తుంది. ఇంట్లో నరాల డాక్టరని చెప్పాను. అబద్ధం కాదు, నరాలు తలలోనూ ఉంటాయి కదా. మాత్రల అట్ట నా దిండులో ఉంటుంది. మూల దగ్గర రెండు కుట్లు నేనే విప్పుకున్నాను, వేళ్ళు పెడితే దూదిలో చల్లగా తగులుతుంది. ఫరహత్‌కు తప్ప ఎవరికీ తెలియదు. రాత్రంతా ఆ మూల మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించి ఒక సంగతి తేల్చుకున్నాను. ఈరోజు మింగను. డాక్టరమ్మ వద్దన్నది నిజమే, కానీ ఆమె కాళ్ళు కావు ఇవి.

"లేసిందా మీ కోడలు?" తిన్నె మీదినుంచి గొంతు. రమణమ్మ పెద్దమ్మ, వెనక వీధిలో చీరల అంగడివాళ్ళు, ఆమె నడుము ఏడాదికి రెండుసార్లు తప్పకుండా పట్టేస్తుంది.

"లేస్తాది, కూసో" అంటోంది మా అత్త ఖమర్‌బీ.

"కూసునే ఉండా. ఇంగ లేపేదే మీ పని. రేతిరి నీళ్ళ బిందె ఎత్తినా, అట్లే పట్టుకునింది."

"నువ్వెందుకెత్తితివి, మీ ఇంట్లో మగోళ్ళు లేరా?"

"ఉండారు. ఫోన్లు ఎత్తుతాండారు."

ఇంకోసారైతే లోపలినుంచే నవ్వేదాన్ని. మెల్లగా తల్లి దగ్గర చాడీ చెబుతున్నట్టు గొంతు తగ్గించింది రమణమ్మ పెద్దమ్మ, తగ్గించినా గోడ ఇవతలికి వస్తుందని ఆమెకు తెలుసు. "ఏంది ఖమర్‌బీ, పోయిన ఆదివారం మా వదినొస్తే ముట్టయినానని పంపిచ్చిందంట. దానికి ముందు ఆదివారం ఎవురో వస్తే అప్పుడూ ముట్టేనంట. అన్ని దినాలు ఉంటాదా ఎవురికైనా?" మా అత్త ఏమందో వినబడలేదు. ఆ సాకు అయిపోయిందన్నమాట. నెలకొకసారి మాత్రమే పనికొచ్చే సాకును నేను కక్కుర్తిపడి ముందే వాడేశాను.

మొదటిసారి తొక్కింది మా అత్తనే. పెళ్ళై వారం కాలేదు, ఆమెకు నడుం పట్టేసింది, పెళ్ళి మాటల్లోనే పిల్ల ఎదురుకాళ్ళది అని గొప్పగా చెప్పారు కాబట్టి తప్పించుకునే దారి లేదు. అత్తగారి మీద కాలు పెట్టాలంటే ఏడుపొచ్చింది నాకు. వీధి ఆడవాళ్ళంతా గడప దగ్గర గుంపు. వచ్చి వారం కాలా, అత్తను తొక్కుతాంది సూడు, అని ఒకటే నవ్వులు. మా అత్త నేల మీద బోర్లా పడుకుని, తొక్కు మే, ఇంగ మళ్ళీ ఈ అవకాశం ఇయ్యను, అంది. అప్పుడు నా కాలు ఎంత తేలిగ్గా లేచింది. కాలు లేవడం ఒక పని అని కూడా అప్పుడు తెలియదు.

ఇటు తిరగాలి. తిరగాలంటే కొంగు విడిపించుకోవాలి. ఫరహత్ పక్కనే పడుకుని ఉంది, ఇంటరు రెండో ఏడు చదివే పిల్ల, నా కొంగు చివర పిడికిట్లో పెట్టుకుని. పాలు తాగే వయసులో కూడా ఇలా పట్టుకోలేదు. గండికోట నుంచి వచ్చిన రోజు నుంచీ ఇలాగే పడుకుంటోంది. పోయిన ఎండాకాలం నాకు బాగుండలేదు. బాగుండలేదంటే ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట లేదు, జ్వరం లేదు, దెబ్బ లేదు, ఎవరూ పోలేదు, ఏం తక్కువ నీకు అని మా ఆయన మంచిగానే అడిగాడు, నేనూ వెతికాను, ఏమీ తక్కువ లేదు. పరుపు కుడుతూ కుడుతూ దబ్బనం సగం గుచ్చి ఆగిపోయేదాన్ని, మధ్యాహ్నం అజాన్ వినబడేదాకా అలాగే. తల దువ్వుకోవాలంటే దువ్వెన ఎక్కడో పక్క ఊర్లో ఉన్నంత దూరం. ఏడుపు వచ్చినా బాగుండేది, అదీ లేదు, లోపల ఎవరో దీపాలన్నీ ఆర్పి తాళం వేసుకుని పోయారు. అప్పుడు చుట్టాలొచ్చారని అందరం గండికోట పోయాం. లోయ అంచున బండల మీద వాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు, నేను కొంచెం అవతల నిలబడ్డాను. కింద పెన్న. భయం వేయలేదు. భయం వేయలేదన్న సంగతే నాకు ఇప్పుడు తలచుకుంటే భయం. వెనకనుంచి కొంగు బిగిసింది, చూస్తే ఫరహత్. అరవలేదు, ఏడవలేదు, ఎవర్నీ పిలవలేదు. కొంగు పట్టుకుని పద మా ఆకలైతాంది అంది, బస్సులో పట్టుకుంది, ఇంటికొచ్చినా వదల్లేదు. ఆ వారమే ఫోన్లో వెతికి పులివెందుల డాక్టరమ్మను అదే పట్టుకుంది.

మాత్రలు మొదలుపెట్టిన కొన్నాళ్ళకు, ఒకరోజు పక్కింటి తిరగవాత వాసన వచ్చింది. రోజూ వచ్చేదే, ఎండుమిరపకాయ, కరేపాకు. ఆకలైతాంది ఫరా అన్నాను. అది నా ముఖం చూసి వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేస్తూ ఏడ్చింది, చప్పుడు చేస్తే నాకు వినబడదనుకుంది. ఆ వాసన ఆ మాత్ర తెచ్చి ఇచ్చింది, కాదనను. అదే మాత్ర ఇప్పుడు కాళ్ళు తీసుకుంటోందేమో. తీసుకోవడం లేదేమో. తీసుకుంటున్నది అదే అని ఎవరైనా గట్టిగా చెప్పినా తిట్టుకుని ఊరుకుంటాను, కాదని చెప్పినా పని మానేసి పడుకుంటాను, ఎవరూ ఏదీ చెప్పరు. మాత్ర ఆపితే కాళ్ళు రావచ్చు, ఆ కాళ్ళు నన్ను మళ్ళీ ఆ బండల దగ్గరికి తీసుకుపోవచ్చు. మాత్ర మింగితే ఎక్కడికీ పోలేను, గడప దాకా కూడా. దేవుడా, మధ్యలో ఒక దారి పెట్టకూడదా నువ్వు.

మా అత్త లోపలికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి చూసింది.

"కాళ్ళు రాలేదత్తా."

"చూస్తాండాలే."

తిడుతుందనుకున్నాను, రమణమ్మను పంపేస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. నా చంక కింద చెయ్యి వేసి, లెయ్, మెల్లగా, అంది. ఫరహత్ వేళ్ళను ఒక్కొక్కటే విప్పి కొంగు లాక్కున్నాను, అది కదల్లేదు. నిలబడ్డాను. తొడలు వణికాయి, వణుకు చీర కుచ్చిళ్ళలో కనబడుతోంది, నా చీర నా కళ్ళముందే వణకడం చూసి నాకు సిగ్గేసింది. నడవాలో రమణమ్మ పెద్దమ్మ చాప మీద బోర్లా పడుకుని ముఖం అవతలికి తిప్పుకుని ఉంది, తొక్కేవాళ్ళ ముఖం తొక్కించుకునేవాళ్ళు చూడకూడదని పద్ధతి. ఈ పద్ధతి పెట్టినవాళ్ళు ఎవరో గానీ నామీద దయతో పెట్టారు.

"వచ్చినావా మే. పులివెందుల అరటిపండ్లు తెచ్చినా, తిను. కొంచెం గట్టిగానే తొక్కు, ఈసారి మొండిగా పట్టుకునింది."

ద్వారబంధం రెండు చేతులా పట్టుకున్నాను. ఎడమ కాలు ఎత్తాలి. ఎత్తు, అన్నాను లోపల. మడమ నేల మీదినుంచి వేలెడు కూడా లేవలేదు. ఇంకోసారి. మోకాలి పైన కండ ముడిపడి అక్కడే ఆగిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రమణమ్మ పెద్దమ్మ నడుం నా ముందు అంత వెడల్పుగా నమ్మకంగా పరుచుకుని ఉంది, నేను దాని మీద ఒక కాలు పెట్టలేను. చెప్పేద్దామనుకున్నాను. పెద్దమ్మా, నా కాలికి గుణం పోయింది, ఇంటికి పో అని. నోరు తెరిచాను కూడా.

అప్పుడు మా అత్త కింద కూర్చుంది. రెండు చేతులతో నా మడమ పట్టుకుంది. అత్త కోడలి కాలు పట్టుకోవడం మా ఇళ్ళల్లో ఎక్కడా లేదు, నేను వద్దత్తా అని పెదాలు కదిపాను, ఆమె నా వైపు చూడనే లేదు. నిండిన పరుపును మూల పట్టి ఎత్తినట్టు నా కాలు ఎత్తి, తీసుకుపోయి రమణమ్మ నడుం మీద పెట్టి, పైనుంచి తన బరువంతా వేసి నొక్కింది. "ఊపిరి పట్టుకో రమణమ్మా" అంది పైకి, ఏమీ జరగనట్టు. ఎత్తింది, పెట్టింది, నొక్కింది. నొక్కిన ప్రతిసారీ నా తొడలోంచి భుజం దాకా మంట పాకింది, కింది పెదవి కొరుక్కున్నాను. మూడోసారి రమణమ్మ నడుంలో టక్కుమని శబ్దం వచ్చింది.

"పోయింది మే" అంది రమణమ్మ పెద్దమ్మ, చాప లోపలికి. కాసేపటికి లేచి నిలబడి, అటూ ఇటూ ఒంగి చూసుకుని, ముఖమంతా వెలుగుతో నా గడ్డం పట్టుకుంది. "నీ కాలు సల్లగుండ. నీ కాలు కాబట్టి సరిపాయె, లేకుంటే తిరపతి పక్కకు పోయి కట్టు కట్టించుకోవాల్సొచ్చేది." వెళ్ళిపోయింది, వచ్చినప్పుడు పట్టుకున్న గోడను ఇప్పుడు పట్టుకోకుండా. ఆమె పట్టు ఎలా వదిలిందో నాకు తెలియదు. నా కాలి గుణం కావచ్చు, మా అత్త చేతుల బలం కావచ్చు, ఆమె నమ్మకం కావచ్చు. ఇక్కడా మూడు కావచ్చులే. కానీ ఆమెకు పోయింది. నాకెవరు తొక్కుతారు? నా నడుం కాదు, నా ఒళ్ళంతా పట్టింది, అంత పెద్ద కాలు ఎవరికుంది?

మా అత్త నన్ను మళ్ళీ పరుపు మీద కూర్చోబెట్టి, రాత్రి మిగిలిన సంగటి మజ్జిగలో పిసికి తెచ్చింది. చెంబుతో నీళ్ళు కూడా.

"తిను. తిని అది మింగు."

"ఏది?"

"దిండులోది."

నేను ఆమె ముఖం చూశాను. "బతుకంతా దూదిలో గింజలేరినదాన్ని" అంది. "దిండు ఎత్తి పరుపు దులిపేటప్పుడు తెలీదా, లోపల ఏందో ఉండాదని? ఆ మూల కుట్టేద్దామనుకున్నా మొదట. మళ్ళా నీకు చెయ్యి పట్టదని ఇడిసిపెట్టినా."

"అవి ఏంటికో తెలుసా అత్తా?"

"తెలీదు. పోయిన ఎండాకాలం నువ్వు గోడ దిక్కు తిరిగి పండుకుంటాంటివి. ఇప్పుడు బిడ్డ దిక్కు తిరిగి పండుకుంటాండావు. అంతే తెలుసు నాకు."

"కాళ్ళు పోతాండాయి. దాని వల్లేనేమో."

ఆమె నా పక్కన కూర్చుంది. తగ్గుతాదిలే అని సర్దిచెప్పలేదు. నా పిక్క మీద చెయ్యి పెట్టింది. నొక్కలేదు, ఊరికే పెట్టి ఉంచింది. ఆమె కూడా చేయగలిగింది ఏమీ లేదని ఆ చెయ్యి చెప్పింది, నాకు ఆమె మీద జాలేసింది, నా మీదకంటే ఎక్కువ. తర్వాత లేచి బయటికి పోయింది, తిన్నె మీద చీపురు చప్పుడు మొదలైంది.

సంగటి తిన్నాను. దిండు మూలలో వేళ్ళు పెట్టి అట్ట తీసి, ఒకటి అరచేతిలోకి నొక్కుకున్నాను. చిన్నది, తెల్లది, దూదిగింజంత లేదు. ఈరోజు మింగనని తేల్చుకున్నాను కదా. రాత్రంతా ఆలోచించి తేల్చుకున్న మాట. పక్కన చూస్తే కొంగు మళ్ళీ ఫరహత్ పిడికిట్లో ఉంది, ఎప్పుడు పట్టుకుందో. కళ్ళు మూసుకునే ఉంది. వేళ్ళ గణుపులు తెల్లబడేంత గట్టిగా పట్టుకుంది. నాకు తొడలో మళ్ళీ మంట పాకడం మొదలైంది. ఏడవాలనిపించింది, ఏడవగలుగుతున్నాను కదా అనిపించింది, దానికీ ఏడుపొచ్చింది. మాత్ర నోట్లో వేసుకుని చెంబెత్తి నీళ్ళు తాగాను. చప్పుడు అయ్యేట్టు గుటకేశాను.

పిడికిలి వదులైంది. ఒక్కొక్క వేలే తెరుచుకుంది, కొంగు జారి పరుపు మీద పడింది. ఇంతసేపూ మేలుకునే ఉందన్నమాట. కళ్ళు తెరవలేదు, నన్ను చూడలేదు, అటు తిరిగి పడుకుంది, కాసేపటికి దాని ఊపిరి మారింది, ఇప్పుడు నిజంగా నిద్రపోయింది. నేను కాళ్ళు ముడుచుకోలేక, చాపుకోలేక, దాన్ని లేపకుండా అలాగే కూర్చున్నాను.